బైక్‌కు డ్రై క్లచ్ పెట్టిస్తే జారడం ఆగుతుందా?

సెల్‌ఫోన్ వీడియోల పుణ్యమా అని డ్రై క్లచ్ అనే మాట ఇప్పుడు మన కుర్రాళ్ల నోట తరచూ వినబడుతోంది. బండి ఆగి ఉన్నప్పుడు గిన్నెలు దొర్లినట్టు గలగల చప్పుడు, కోసిన కవరులోంచి గిర్రున తిరిగే ప్లేట్లు. చూడటానికి బాగానే ఉంటుంది. మన స్ప్లెండర్‌కో పల్సర్‌కో ఇది పెట్టిస్తే క్లచ్ జారడం తగ్గుతుందా అని అడిగేవాళ్లూ ఉన్నారు. కవితాళ చుట్టుపక్కల ఊళ్లలో, క్యాంపుల్లో బైకు షోకు కోసం కాదు. పాల క్యాన్లు, ఎరువు బస్తాలు, ఆస్పత్రి ప్రయాణాలు అన్నీ దాని మీదే. క్లచ్ పోయిందంటే ఆ రోజు పని పోయినట్టే. అందుకే డబ్బు పెట్టే ముందు సంగతేమిటో తెలుసుకోవాలంటున్నాం.

ఇంజిన్ తిరిగే బలాన్ని గేర్‌బాక్స్‌కు అందించడం, లివరు నొక్కితే విడదీయడం, ఇదే క్లచ్ పని. బైకులో రాపిడి ప్లేటు ఒకటి, ఇనుప ప్లేటు ఒకటి చొప్పున వరుసగా పేర్చి, స్ప్రింగులతో అదిమిపెడతారు. మన బండ్లలో ఈ దొంతర అంతా ఇంజిన్ ఆయిల్‌లో మునిగి తిరుగుతుంది. అదే వెట్ క్లచ్. ఆయిల్ వేడిని లాగేస్తుంది, అరిగిన పొడిని కడిగేస్తుంది. కానీ నూనె మీద పట్టు తక్కువ. పొడి ప్లేట్ల రాపిడి గుణకం సుమారు 0.3 నుంచి 0.4 ఉంటే, ఆయిల్‌లో తిరిగేవాటికి 0.1 దరిదాపుల్లోనే ఉంటుంది. ఆ లోటు పూడ్చడానికే ఒకటి కాదు, అన్ని ప్లేట్లు పెడతారు. కాబట్టి ఆయిల్‌లో ఉంది గనుక జారుతుందనడం సరికాదు. ఆ లెక్క వేసుకునే కంపెనీ తయారు చేసింది.

నిజానికి డ్రై క్లచ్ మనకు కొత్తది కాదు. మన ట్రాక్టర్లలో ఎక్కువ వాటికి ఉన్నది అదే. సీలు కారి ఆయిల్ చుక్క ప్లేటు మీద పడితే బండి ఎలా మొరాయిస్తుందో రైతుకు ఒకరు చెప్పక్కర్లేదు. ఇంట్లో యాక్టివా ఉందా? దాని క్లచ్ కూడా పొడిదే. దుమ్ము పట్టి, కదిలేటప్పుడు గడగడ వణికేది అందుకే. మరి ట్రాక్టర్ బ్రేకుల సంగతి చూడండి. దమ్ము చేసేటప్పుడు బురదనీళ్లు పోయి పొడి బ్రేకులు పాడవుతున్నాయని ఆయిల్‌లో మునిగే బ్రేకులు తెచ్చారు. కొనేటప్పుడు మనవాళ్లు ఏరికోరి అడిగేది కూడా వాటినే. కాలువ గట్ల మీద, నల్లరేగడి బురదలో తిరిగే బైకుకు మనం దానికి ఎదురు దిశలో వెళ్తామంటే ఎలా?

ఇక మార్చడమంటే ఏం చేయాలి? ఆయిల్ తీసేస్తే క్లచ్ పొడిబారుతుంది కదా అనుకుంటే మాత్రం కొంప మునుగుతుంది. స్ప్లెండర్‌లో ఉండేది దాదాపు ఒక లీటరు ఆయిల్. పిస్టన్‌కూ, గేర్లకూ, క్లచ్‌కూ అదే దిక్కు. అది లేకుండా నడిపితే ఇంజిన్ పట్టేస్తుంది. పద్ధతిగా చేయాలంటే క్లచ్ వెనకాల ఉండే ప్రైమరీ గేరు ఆయిల్‌లోనే తిరగాలి, ప్లేట్లు మాత్రం బయట పొడిగా ఉండాలి. రెంటికీ మధ్య తిరుగుతూ కూడా కారని సీలు కావాలి. బాస్కెట్, ప్లేట్లు, పుష్‌రాడ్ అమరిక, గాలి ఆడే కవరు అన్నీ కొత్తవే. డుకాటి పానిగాలే వీ4కు ఇలాంటి కిట్లు దొరుకుతాయి. ఆ ధరకు మన దగ్గర కొత్త బండే వచ్చేస్తుంది. లేత్ పనితో అంత కొలత పట్టించడం మంచి పనివాడికైనా కష్టమే. సీలు ఒక్కసారి కారిందంటే ఇటు ప్లేట్లు పోతాయి, అటు ఆయిల్ తగ్గి ఇంజినూ పోతుంది.

కొంత వీలున్నది పాత క్యాస్ట్ ఐరన్ బుల్లెట్‌కే. దానికి ఇంజిన్ వేరు, గేర్‌బాక్స్ వేరు, చైను, క్లచ్ ఉండే ప్రైమరీ కేసు వేరు. ఎవరి ఆయిల్ వారిదే. అందువల్ల చైను తీసి బెల్టు వేసి, ఆ కేసును పొడిగా నడిపేవాళ్లు ఉన్నారు. 2009లో వచ్చిన క్లాసిక్‌లో ఇది కుదరదు. అందులో ఆయిల్ అంతా ఒకటే.

రేసుల్లో డ్రై క్లచ్‌కు ఒక అర్థం ఉంది. ప్లేట్లు ఆయిల్‌ను చిలకడానికి పోయే కాస్త శక్తి మిగులుతుంది. ఆయిల్‌లో పొడి కలవదు. ప్లేట్లు చకచకా మార్చేయవచ్చు. అయినా 1994 నాటి 916 నుంచి పెద్ద స్పోర్ట్స్ బైకులకు పొడి క్లచ్‌నే వాడిన డుకాటి, 1199 పానిగాలేకు వచ్చేసరికి ఆయిల్ క్లచ్‌కు మారింది. రేసు కోసం చేసిన వీ4 ఆర్‌కు మాత్రం పొడిదే ఇచ్చింది. దశాబ్దాల పాటు పొడి క్లచ్‌తో బండ్లు చేసిన బీఎండబ్ల్యూ కూడా 2013 ఆర్1200జీఎస్‌లో ఆయిల్ క్లచ్ పెట్టింది. దూర ప్రయాణాల బండ్లు చేసేవాళ్లే పొడి నుంచి తడికి వస్తున్నారు.

మరి జారుతున్న బండిని ఏం చేయాలి? ముందు అసలు జారుతోందో లేదో చూడండి. మూడో గేరులో బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ మోత పెరిగి, వేగం పెరగకపోతే జారుతున్నట్టే. తర్వాత కేబుల్ చూడండి. లివరు చివర 10 నుంచి 20 మిల్లీమీటర్ల ఆట ఉండాలి. బిగుసుకుపోయి ఉంటే క్లచ్ ఎప్పుడూ సగం విడిపడే ఉంటుంది. పైసా ఖర్చు లేని రిపేరు ఇదే.

మూడోది ఆయిల్. చాలా క్లచ్‌లు ఇక్కడే బలవుతాయని మా అభిప్రాయం. గేరు బైకుకు పోసే డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి. ఎంబీ అని ఉంటే అది యాక్టివా లాంటి స్కూటర్లది. కార్ల కోసం చేసిన కొన్ని ఆయిళ్లలో రాపిడి తగ్గించే మందులు కలుపుతారు. అవి ఇంజిన్‌కు మేలే గానీ తడి క్లచ్‌కు చేటు. ట్రాక్టర్‌కు తెచ్చిన డబ్బాలో మిగిలిందే కదా అని బైకులో పోయకండి. వంద రూపాయలు మిగుల్చుకోబోతే ప్లేట్ల సెట్టు ఖర్చు మీద పడుతుంది.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా జారుతుంటే ప్లేట్లు అరిగినట్టు, లేదా స్ప్రింగులు సడలినట్టు. రెండూ కలిపి మార్పించండి. బాస్కెట్ పళ్ల మీద గాడులు పడ్డాయేమో అప్పుడే చూడమనండి. కొత్త రాపిడి ప్లేట్లను బిగించే ముందు రాత్రంతా అదే ఇంజిన్ ఆయిల్‌లో నాననివ్వాలి. పొడిగా వేసేస్తే మొదటి రోజే మాడతాయి. మెకానిక్ తొందరలో ఉంటే ప్లేట్లు మీరే ముందు రోజు కొని, ఇంట్లో నానబెట్టి తీసుకెళ్లండి.