అడుగకుండ పంచిన వైఫై

అమెరికాలో స్థిరపడిన కొడుకు ఇంటికో కూతురి ఇంటికో వెళ్ళిన తల్లిదండ్రులు, చేరిన నాటి సాయంత్రమే స్వగ్రామమునకు వీడియో కాల్ చేయవలెనని ఫోను తెరచి వైఫై పేర్ల పట్టిక చూచినప్పుడు, పిల్లలు చెప్పిన పేరుతోపాటు ‘ఎక్స్‌ఫినిటీవైఫై’ అను మరియొక పేరు తరచుగా కనబడును. ఇరుగుపొరుగువారిది కాబోలునని అనుకొందురు. వీధిలో నాలుగడుగులు నడచి చూచినను ఆ పేరే, మలుపు తిరిగినను ఆ పేరే. పెక్కు ఇండ్లలో ఆ రెండవ పేరు పుట్టుచున్నది పొరుగింటిలో కాదు, తమ ఇంటి బల్లమీద దీపములు మినుకుమినుకుమనుచున్న డబ్బాలోనే. నెలనెలా అద్దె చెల్లించి తెచ్చుకొన్న ఆ రౌటరు ఇంటివారికొక వైఫైని, దారిన పోవువారికి వేరొక వైఫైని ఏకకాలమున వెదజల్లుచుండును. గృహస్థుడు కోరి పెట్టుకొన్న ఏర్పాటు కాదిది. కామ్‌కాస్ట్ అను ఇంటర్నెట్ సంస్థ తానై చేసినది.

ఇందలి యంత్రరహస్యము కఠినమైనది కాదు. ఒకే రౌటరు రెండు మూడు పేర్లతో తన్ను తాను ప్రకటించుకొనగలదు. ఇంటి పేరుతో చేరినవారు ఇంటిలోని కంప్యూటరును, ప్రింటరును, టీవీని చూడగలరు. బయటి పేరుతో చేరినవారు వానిని చూడజాలరు. వారికి వేరొక ఐపీ చిరునామా లభించును. వారి రాకపోకలు వేరొక దారిని సంస్థ కేంద్రమునకు పోవును. ఒకే ప్రహరీలో రెండు వాకిళ్ళు పెట్టి, నడుమ గోడ కట్టినట్లని చెప్పవచ్చును. బయటివాడు తన ఖాతా వివరములతో ప్రవేశింపవలసియుండును గనుక, వాడు చేసిన తప్పు ఇంటివారి నెత్తిన పడదని సంస్థలు చెప్పుచున్నవి. ఈ మాటలో సత్యము లేకపోలేదు.

ఈ ఆలోచన పుట్టినపుడు దాని స్వభావము వేరుగా నుండెను. అర్జెంటీనాలో జన్మించిన మార్టిన్ వర్సావ్‌స్కీ స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లో 2005లో ‘ఫాన్’ అను సంస్థను స్థాపించెను. ‘లా ఫొనేరా’ అను చిన్న రౌటరును ఇంటిలో పెట్టి, తన వైఫైలో కొంత బాటసారులకు విడిచినవాడు, ఊరు దాటి వెళ్ళినపుడు ఇతర సభ్యుల వైఫైని ఉచితముగా వాడుకొనవచ్చునన్నది దాని నియమము. పల్లెలలో ఇంటిముందు అరుగు కట్టించిన గృహస్థునివలె, ఇచ్చువాడు తెలిసి ఇచ్చెను. పొరుగూరిలో తనకును ఒక అరుగు దొరకునని నమ్మి ఇచ్చెను. మరుసటి యేడు గూగుల్, స్కైప్ సంస్థలు దీనికి పెట్టుబడి పెట్టినవి. 2007లో బ్రిటన్‌లోని బీటీ సంస్థ దీనితో చేయి కలిపెను. పెద్ద సంస్థల చేతిలో పడిన పిమ్మట ఆ అరుగు రూపము మారినది.

కామ్‌కాస్ట్ ఇంటి రౌటర్లను ఇట్లు మార్చు పథకమును 2013లో ప్రకటించినది. 2014 జూన్ మాసమున హ్యూస్టన్ నగరములో ఒక్కనాడే సుమారు 50,000 ఇండ్లలో ఈ రెండవ వాకిలిని తెరచినది. ముందుగా నోటీసు పంపితిమనియు, వలదనుకొన్నవారు మాన్పించుకొనవచ్చుననియు చెప్పినది. ఆ యేడు డిసెంబరులో కాలిఫోర్నియాకు చెందిన ఒక కుటుంబమువారు శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఫెడరల్ న్యాయస్థానమున దావా వేసిరి: మా అనుమతి లేక మా ఇంటి విద్యుత్తును, మా ఇంటి స్థలమును వాడుకొని కామ్‌కాస్ట్ తన వ్యాపారమునకు ఒక మహాజాలమును అల్లుకొనుచున్నదని వారి అభియోగము. అత్తసొమ్ము అల్లుడు ధారపోసినట్లన్న మన సామెతకు ఇంతకంటె తగిన తావు లేదు.

ఆ సొమ్ము ఎంతయని అడుగుట న్యాయమే. విద్యుత్తు విషయమున ఒక్కొక్క ఇంటికి పడు భారము స్వల్పమే కావచ్చును. లక్షల ఇండ్లను కూడినచో అది స్వల్పము కాదు. నా దృష్టిలో అంతకంటె విలువైనది గాలి. కేబుల్ తీగలో బయటివారికి వేరొక పాయ కేటాయించితిమని సంస్థ చెప్పుట నిజమే అయినను, రౌటరునుండి ఫోనుదాక నడుమనుండు గాలిలో అట్టి రెండు పాయలు లేవు. రేడియో తరంగము ఒక్కటే. ఒకరు మాటాడుచున్నపుడు రెండవవారు ఆగవలసినదే. రౌటరు తన ప్రతి పేరును సెకనుకు ఇంచుమించు పదిసార్లు చాటుచుండును, వినువారున్నను లేకున్నను. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో ఒకదానితో నొకటి తగులుకొనని ఛానళ్ళు మూడే. నూరు ఇండ్ల అపార్ట్‌మెంటులో ప్రతి డబ్బాయును ఈ చాటింపును రెట్టించినచో, సంతలో అందరును ఒక్కమారు కేకలు వేసినట్లుండును. ఒంటరి ఇంటివానికి తెలియని ఈ నష్టము, గోడకు గోడ ఆనుకొని బ్రతుకువారికి తెలియును.

ఇక భయమన్నది ఆతిథ్యమిచ్చిన ఇంటికంటె, అతిథిగా చేరినవానికే హెచ్చు. ఒకమారు చేరిన వైఫై పేరును ఫోను గుర్తుంచుకొని, అదే పేరు మరల ఎక్కడ కనబడినను తనంత తాను చేరిపోవ జూచును. దేశమంతట ఒకే పేరు మ్రోగుచున్నపుడు, ఏ విమానాశ్రయములోనో ఒక దొంగ తన లాప్‌టాపునుండి అదే పేరును చాటినచో, ఫోను ఎట్లు ఆనవాలు పట్టును? ఈ లోపమును గ్రహించియే సంస్థలు తరువాత ఎన్‌క్రిప్షన్ (సమాచారమును రహస్యలిపిగా మార్చు రక్షణ) గల వేరొక పేరును కూడ తెచ్చినవి. ఎచ్చటనైనను అట్టిది ఉన్నచో దానినే వాడవలెను. తాళము గుర్తు లేని పేరుతో బ్యాంకు పని చేయరాదు.

ఫలము ఎవరికి దక్కినదని విచారించినచో విషయము మరింత తేటపడును. 2017లో కామ్‌కాస్ట్ మొబైల్ ఫోను సేవను ప్రారంభించినది. స్వంత టవర్ల వరుస లేని ఆ సంస్థ, వెరైజన్ అను ఫోను సంస్థ టవర్లను అద్దెకు తీసుకొని, వాని భారమును తగ్గించుటకు తాను తెరచిన ఈ వైఫై వాకిళ్ళను, అనగా హాట్‌స్పాట్లను, వాడుకొన్నది. ఇట్లు ఖాతాదారుని బల్లమీది డబ్బా, సంస్థ యొక్క క్రొత్త వ్యాపారమునకు ఒక బుల్లి టవరు అయినది. టవరు నిలుపుటకు స్థలమిచ్చినవారికి అద్దె ముట్టుట లోకమర్యాద. ఇచ్చట అద్దె చెల్లించుచున్నవాడే స్థలమిచ్చినవాడు.

జర్మనీలో ఈ వివాదము అత్యున్నత న్యాయస్థానమువరకు పోయినది. అచ్చటి యూనిటీమీడియా అను కేబుల్ సంస్థ 2016లో తన ఖాతాదారులకు, ఇట్టి రెండవ వైఫైని మీ రౌటరులో తెరవబోవుచున్నామని తెలిపినది. నార్త్‌రైన్ వెస్ట్‌ఫాలియా రాష్ట్రపు వినియోగదారుల సంఘము కోర్టుకెక్కినది. కొలోన్‌లోని క్రింది కోర్టు సంఘమునకు అనుకూలముగాను, దానిపై కోర్టు సంస్థకు అనుకూలముగాను తీర్పు చెప్పగా, కార్ల్స్‌రూహెలోని ఫెడరల్ న్యాయస్థానము 2019 ఏప్రిల్ 25వ తేదీన సంస్థ పక్షమే వహించినది. రౌటరు సంస్థ ఆస్తియే గదా, ఇంటివారి ఇంటర్నెట్ సేవకు భంగము కలుగలేదు గదా, ఎప్పుడు కావలసిన అప్పుడు వలదనుటకు వారికి హక్కున్నది గదా యన్నది ఆ తీర్పు సారము. ముందుగా అనుమతి కోరనక్కరలేదు. తరువాత కాదనుటకు వీలుండిన చాలును.

న్యాయమూర్తులు చట్టమును చూచి చెప్పినారు. వారిని తప్పుపట్టుటకు నేను చాలను. కాని మౌనము అర్ధాంగీకారమని మనవారన్నారే తప్ప, పూర్ణాంగీకారమని అనలేదు. అడిగినవానికి బదులు పలుకని మౌనమునకే ఆ మాట వర్తించును. ఉత్తరము మూలలో, చిన్న అక్షరములలో, బిల్లుతోపాటు వచ్చిన వాక్యమును చదువకపోవుట మౌనమైనను కాదు, ఎరుగకపోవుట. సెట్టింగులలోనికి చొచ్చి ఒక మీటను ఆర్పవలెనని ఎంతమంది వృద్ధులకు తెలియును? అమెజాన్ సంస్థ 2021 జూన్‌లో ‘సైడ్‌వాక్’ పేరిట, ఇండ్లలోని స్పీకర్లు, కెమెరాలు ఇరుగుపొరుగు పరికరములకు కొంత ఇంటర్నెట్ పంచునట్లు చేసినపుడును ఇదే పద్ధతి: ముందు తెరచుట, వలదన్నవాడు వచ్చి మూసికొనుట.

ఎరుగక తెరచియుంచిన వాకిలి ఏమి చేయునో మన దేశము కూడ చూచినది. 2008 జులైలో అహమ్మదాబాదు పేలుళ్ళకు కొద్ది నిమిషముల ముందు వచ్చిన బెదిరింపు ఈమెయిలు, నవీ ముంబయిలో నివసించుచున్న ఒక విదేశీయుని వైఫైనుండి పోయినట్లు తేలి, ఏ పాపము నెరుగని ఆయన పోలీసు విచారణకు గురియయ్యెను. ఇంటి వైఫైకి, బయటి వైఫైకి నడుమ గోడయు, చేరువాని గుర్తింపును లేనిచో కలుగు ఫలమది. ఆ తరువాతనే టెలికాం శాఖ వైఫై భద్రతకు కట్టుదిట్టమైన ఆదేశము లిచ్చినది.

పంచుకొనుటకు మన ప్రభుత్వము చూపిన దారి వేరు. 2020 డిసెంబరు 9న కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన ‘పీఎం వాణి’ పథకమున, టీ కొట్టువాడైనను కిరాణా కొట్టువాడైనను లైసెన్సు లేక, రుసుము లేక వైఫై అమ్మవచ్చును. తన కొట్టు, తన కనెక్షను, తన నిర్ణయము, తన లాభము. ఈ కొట్టువారివద్ద ఇంటర్నెట్ సంస్థలు భారీ ధరలు వసూలు చేయుటచేత పథకము కుంటుపడినందున, 200 ఎంబీపీఎస్ వరకు ఇంటి ధరకు రెట్టింపు మించరాదని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2025 జూన్‌లో హద్దు విధించినది. నడక మందముగా నున్నను, ఇచ్చువానిని అడిగి పుచ్చుకొను ఈ పద్ధతియే ధర్మమైనదని నా విశ్వాసము.

వైఫై పంచుటను నేను నిందించుట లేదు. 2020లో కరోనా కాలమున కామ్‌కాస్ట్ బహిరంగ స్థలములలోని హాట్‌స్పాట్లను అందరికిని ఉచితముగా తెరచినపుడు, ఇంట నెట్టు లేని పిల్లల చదువునకు అవి ఆధారమైనవి. సంస్థ ముందుగా అడిగినచో ఎందరో గృహస్థులు సరేయనియుందురు. అమెరికాలోని మనవారు తమ కామ్‌కాస్ట్ ఖాతాలోనికి ప్రవేశించి ఇంటి డబ్బాలోని హాట్‌స్పాటును ఆర్పివేయవచ్చును. స్వంత డబ్బు పెట్టి కొన్న రౌటరులో ఇది ఉండనే ఉండదు. ఇచ్చట మన ఇండ్లకు క్రొత్త రౌటరు బిగించుటకు వచ్చిన కుర్రవానిని, పాస్‌వర్డు వ్రాసికొని పంపివేయకుండ, దయచేసి ఒక్క మాట అడుగుడు: “బాబూ, ఈ డబ్బానుండి మా పేరు తప్ప ఇంకే పేరైనను బయటికి పోవునా?”