అక్షరాల్లో తాలు ఏరడం

ఫిబ్రవరి, మార్చి నెలల్లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లెలకు వెళితే ఎక్కడ చూసినా ఎర్రటి కల్లాలే. ఎండిన కాయల చుట్టూ ఆడవాళ్లు వరసగా కూర్చుని వుంటారు. తెల్లబడిన తాలు కాయల్ని ఏరి పక్కన వేస్తారు. మేలైన కాయల్ని పోగు చేస్తారు. ఆ పోగుల్ని ఇంకొకరు టిక్కీలకు ఎత్తుతారు. సరుకు చేతులు మారుతూ సాగిపోతూ వుంటుంది. ఎవరి పని వారిదే.

అక్షరాల్లో, అంకెల్లో వుండే తాలును ఏరే పనిముట్లు కూడా కంప్యూటర్లో వున్నాయంటే నమ్ముతారా?

గుంటూరు మిర్చి యార్డు ఆసియాలోని పెద్ద మిర్చి మార్కెట్లలో ఒకటి. అక్కడ ఏ రోజు ఏ రకం ఎంతకు అమ్ముడుపోయిందో పట్టికలు తయారవుతాయి. 2000 సంవత్సరంలో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఆగ్‌మార్క్‌నెట్ ఇలాంటి ధరలను దేశమంతటి నుంచీ సేకరిస్తుంది. ఒక రైతు సరుకు ఇప్పుడే అమ్మాలా, కోల్డ్ స్టోరేజీలో దాచాలా అన్నది ఆ అంకెల మీద ఆధారపడుతుంది. కాని వేల వరసల పట్టికను కళ్లతో ఎవరు వెదుకుతారు?

ఒక చిన్న పట్టిక చూద్దాం. అంకెలు నేను ఊహించినవే. మొదటిది రకం, రెండోది టిక్కీల సంఖ్య, మూడోది క్వింటాలు ధర, రూపాయల్లో.

తేజ,40,18500
334,25,9500
బాడిగ,18,13340
334,30,12800
తేజా,22,17900

మనకు 334 రకం ధరలు కావాలి. 'గ్రెప్' అనే పనిముట్టుకు 334 అని చెబితే చాలు, ఆ అంకెలున్న వరసలను మాత్రమే వుంచి, మిగతావి వదిలేస్తుంది. రెప్పపాటు పని.

దీని పుట్టుక తమాషాగా వుంటుంది. అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో లీ మెక్‌మహోన్ అనే ఆయన 18వ శతాబ్దపు రాజకీయ వ్యాసాలను పరిశోధిస్తున్నాడు. 85 వ్యాసాలు, రాసినవారు ముగ్గురు, అందరిదీ ఒకే మారుపేరు! ఏది ఎవరు రాశారో వాడిన మాటలను బట్టి తేల్చాలని ఆయన ఆలోచన. ఆనాటి కంప్యూటరు జ్ఞాపకశక్తి చాలా చిన్నది. ఆ వ్యాసాలన్నీ ఎడిటరులో పట్టలేదు. అప్పుడు కెన్ థాంప్సన్ ఎడిటరులోని వెదికే భాగాన్ని విడదీసి వేరే పనిముట్టుగా చేశాడు. 1973 నాటికి గ్రెప్ వాడకంలోకి వచ్చింది.

సరే, మన 334 సంగతి ఏమైంది? గ్రెప్ మూడు వరసలు తెచ్చింది. మూడా? రెండే కదా వుండాలి! బాగా చూడండి. బాడిగ వరసలో 13340 వుంది. దాని కడుపులో 334 దాగుంది! గ్రెప్‌కు రకమూ తెలియదు, ధరా తెలియదు, కనిపించేవి గుర్తులే. ఆ మూడు ధరల సగటు తీస్తే 11880 రూపాయలు. అసలైన రెండు వరసల సగటు 11150. క్వింటాలుకు 730 రూపాయల తేడా!

ఇక్కడ 'ఆక్' ఆదుకుంటుంది. 1977లో దీన్ని తయారుచేసిన ఏహో, వైన్‌బర్గర్, కెర్నిహాన్‌ల పేర్లలోని మొదటి ఇంగ్లీషు అక్షరాలే దీని పేరు. ఇది కామా దగ్గర వరసను విరిచి, ఏ ముక్క ఎన్నోదో గుర్తు పెట్టుకుంటుంది. 'మొదటి ముక్క సరిగ్గా 334 అయితేనే తీసుకో' అంటే బాడిగ తప్పుకుంటుంది. లెక్కలు కూడా చేస్తుంది. టిక్కీలను ధరతో గుణించి, కూడి, మొత్తం 55 టిక్కీలతో భాగించమంటే 11300 వస్తుంది. టిక్కీల బరువు సమానమనుకుంటే రైతుకు పనికొచ్చే సగటు ఇదే. ఎందుకంటే ఎక్కువ ధర పలికిన చోట ఎక్కువ సరుకు వుంది.

మరి తేజ? పుస్తకంలో రాసేవారు ఒకరు తేజ అంటారు, మరొకరు తేజా అంటారు. గ్రెప్‌కు 'తేజ' అని చెబితే రెండూ దొరుకుతాయి. ఎందుకో తెలుసా? మన కంటికి 'జా' ఒకే అక్షరం. కంప్యూటరుకు అది రెండు గుర్తులు: జ ఒకటి, దాని పక్కన దీర్ఘం ఒకటి. ప్రపంచ భాషలన్నిటికీ సంఖ్యలిచ్చే యూనికోడ్‌లో 1991 నుంచీ తెలుగుకు ఈ ఏర్పాటే వుంది. 'మిర్చి'లో మనకు రెండక్షరాలే కనిపిస్తాయి. కంప్యూటరు లెక్కలో ఆరు గుర్తులు! కాని ఆక్‌తో 'సరిగ్గా తేజ' అంటే తేజా జారిపోతుంది. అందుకు ముందుగా 'సెడ్' చేత ప్రతి తేజానూ తేజగా మార్పించాలి. ఈ సెడ్‌ను రాసింది ఎవరనుకున్నారు? ఆ వ్యాసాల మెక్‌మహోనే!

'సార్ట్' వరసలను క్రమంలో పేరుస్తుంది. దానితో కాస్త జాగ్రత్త. అంకెలని చెప్పకపోతే నిఘంటువులో మాటల్లా పేర్చి, 18500 తర్వాత 9500 పెడుతుంది. ఒకటి కంటే తొమ్మిది పెద్దది కదా అని దాని వాదన! సంఖ్యలుగా చూడమని విడిగా చెప్పాలి.

ఈ పనిముట్లను కలిపేది ఒక నిలువుగీత. దాన్ని పైపు అంటారు.

సెడ్ | ఆక్ | సార్ట్

సెడ్ విడిచింది ఆక్ అందుకుంటుంది, ఆక్ విడిచింది సార్ట్‌కు చేరుతుంది, కల్లంలో చేతులు మారే కాయల్లాగా. తోటకు నీళ్లు పెట్టే గొట్టాలను ఒకదానికొకటి బిగించినట్టు ప్రోగ్రాములను బిగించాలని డగ్ మెకిల్‌రాయ్ 1964లోనే రాసిపెట్టాడు. తొమ్మిదేళ్లు ఎవరూ చేయలేదు. 1973లో థాంప్సన్ ఒక్క రాత్రిలో అమర్చాడట.

లినక్స్ వున్న ఏ కంప్యూటర్లోనైనా ఇవన్నీ ఉచితంగా వుంటాయి. ఆజ్ఞల పేర్లు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. అందాకా కాగితం మీదే ఒకటి ప్రయత్నించండి: పై పట్టికలో గ్రెప్‌ను 18 వెదకమంటే ఎన్ని వరసలు తెస్తుంది? వాటిలో 18 టిక్కీలున్న వరస ఏది?