జట్టును పోషించుట, జట్టును నడపుట



ఒక గ్రామమున నాటకసమాజమొకటి కలదనుకొనుడు. తెరలకును, కిరీటములకును, హార్మోనియమునకును సొమ్మిచ్చిన ధనికుడొకడు కలడు. నాటకమాడు రాత్రి ఆయన వచ్చి, "ఇంత ధనము వెచ్చించితిని. శ్రీకృష్ణుని వేషము నేనే కట్టెదను" అనినచో సమాజమువారు కాదనజాలరు. రాయబారపు పద్యములెత్తవలసిన గొంతు గలవాడు తెరవెనుక దీపము పట్టుకొని నిలుచును. జనులు తెల్లవారకమున్నే ఇండ్లకు పోవుదురు. మరునాడు ఆ ధనికుడే, "మన సమాజమెందులకు చెడిపోయినది?" అని విచారపడును.

నేటి ప్రసంగమున నేను చెప్పదలచినది ఈ రోగమును గూర్చియే. ఆటల జట్లకు నేడు యజమానులు కలరు, పోషకులు కలరు. తడబడుచున్న జట్టును నిలబెట్టవలెనని వారు ధనమిత్తురు. ఇచ్చిన చేతితోనే ఆటలోనికి చేయి చాపుదురు. అప్పుడేమి జరుగునో తెలిసికొనుటకు దూరదేశము పోనక్కరలేదు. మన విజయనగరపు పూసపాటివారి వంశముననే దృష్టాంతము కలదు.

విజయనగర సంస్థానాధీశులైన విజయరామ గజపతిరాజుగారి రెండవ కుమారుడు విజయానంద గజపతిరాజుగారు 1905వ సంవత్సరము డిసెంబరు 28వ తేదీన జన్మించిరి. లోకము ఆయనను "విజ్జీ" అని పిలిచెను. కాశీలోని తమ సౌధావరణమున ఆయన క్రికెట్టు మైదానమును వేయించిరి. 1930-31లో ఇంగ్లండునుండి హాబ్స్, సట్‌క్లిఫ్ అను మహాక్రీడాకారులను రప్పించి, తమ జట్టున చేర్చి, మన దేశమునను సింహళమునను ఆడించిరి. 1932 ఇంగ్లండు యాత్రకు ముందు క్రికెట్టు బోర్డునకు 50,000 రూపాయల విరాళమిచ్చుటకు ముందుకు వచ్చిరి. ఆ దినములలో ఆ మొత్తమెంతటిదో పెద్దలకు వేరుగ చెప్పనక్కరలేదు. ఆటపట్ల ఆయనకు గల ప్రేమ నిజమైనది. దానిని తక్కువచేసి పలుకుట కృతఘ్నత యగును.

ఆ 1932 యాత్రకు నాయకుడుగా వెళ్ళినవారు పోరుబందరు మహారాజుగారు. తమకు ఆటయందు అంతటి నేర్పు లేదని ఆయన యెరుగుదురు. కావున భారతజట్టు తన తొలి టెస్టు ఆడిన నాడు ఆయన ప్రక్కకు తొలగి, తెలుగు కుటుంబమున నాగపురమందు పుట్టిన సి.కె.నాయుడుగారికి నాయకత్వమును విడిచిపెట్టిరి. రాజునకు రాజ్యమెంత శోభయో, తన హద్దు నెరుగుటయు నంతటి శోభయే.

నాలుగేండ్లు గడచెను. 1936లో మరల ఇంగ్లండు యాత్ర వచ్చెను. ఈసారి నాయకపదవి విజ్జీగారికి దక్కెను. జట్టు ఆయన సొత్తు కాదు, బోర్డుది. ఐనను ధనబలమున, పలుకుబడిచేత ఆయన యజమానివలెనే వ్యవహరించిరి. నాయుడుగారివంటి అనుభవశాలి ఆయన క్రింద ఆడవలసినవాడయ్యెను. జట్టులో పక్షములేర్పడెను. నాయకుని మెప్పు పొందినవారొక వైపు, పొందనివారొక వైపు.

ఆ యాత్రలో అందరికంటె వెలుగుచున్నవాడు లాలా అమర్‌నాథ్. 1933లో బొంబాయియందు భారతదేశము తరఫున తొలి టెస్టు శతకము చేసినవాడాతడే. ఈ యాత్రలో అప్పటికే 600కు మించిన పరుగులు చేసి, 32 వికెట్లు పడగొట్టియుండెను. జూన్ మాసమున లార్డ్స్ మైదానమందు మైనర్ కౌంటీల జట్టుతో ఆట జరుగుచుండగా, అతడు కాళ్ళకు కట్టులు కట్టుకొని తన వంతుకై కాచియుండెను. అతనిని కూర్చుండబెట్టి ఇతరులను పంపిరి. ఆట ముగియుటకు కొలది నిమిషములుండగా పిలుపు వచ్చెను. తిరిగివచ్చి అతడు కోపమున కట్టులు విసరివైచి, తన పంజాబీ భాషలో ఏవో మాటలు గొణిగెను. అంతమాత్రమునకే, తొలి టెస్టు ఇంకను ప్రారంభము కాకమున్నే, అతనిని ఓడనెక్కించి స్వదేశమునకు పంపివైచిరి.

ఫలితమేమాయెనో చూడుడు. ఆ తొలి టెస్టున మన అమర్ సింగ్ 35 పరుగులిచ్చి 6 వికెట్లు తీసికొనెను. మనవారు 147 చేయగా, ఇంగ్లండువారు 134కే కూలిరి. మనకు 13 పరుగుల ఆధిక్యము వచ్చెను. ఓడవలసిన జట్టు కాదది. రెండవసారి మనవారు 93 పరుగులకే ముగిసిరి. 9 వికెట్లతో ఓడిరి. నిలిచి ఆడగల చేయి ఆనాడు సముద్రముమీద నుండెను.

రెండవ టెస్టు మాంచెస్టరున జరిగెను. విజయ్ మర్చంట్, ముస్తాక్ అలీ అను ఇరువురు తొలి వికెట్టునకు 203 పరుగులు కూర్చిరి. మర్చంట్ 114, ముస్తాక్ అలీ 112. మర్చంట్‌ను పరుగులో అవుట్ చేయించుమని నాయకుడు ముస్తాక్ అలీతో చెప్పెననియు, అతడా మాటను మర్చంట్‌కే చెప్పగా ఇరువురును నవ్వుకొని ఆడిరనియు ఒక కథ ప్రసిద్ధమై యున్నది. ఆట సమముగా ముగిసెను. ఓవల్‌లో జరిగిన మూడవ టెస్టున నాయుడుగారు దెబ్బలు తినుచు 81 పరుగులు చేసిరి. ఐనను మరల 9 వికెట్ల ఓటమి తప్పలేదు. మూడు టెస్టులలో ఆరుసార్లు బ్యాటు పట్టి నాయకుడు చేసిన పరుగులన్నియు కలిసి 33.

తిరిగివచ్చిన పిదప బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయాధిపతి సర్ జాన్ బోమాంట్‌గారి అధ్యక్షతన విచారణ జరిగెను. 1937 జనవరిలో వెలువడిన నివేదిక అమర్‌నాథ్‌ను నిర్దోషి యనెను. నాయకునికి మైదానమున ఎవనిని ఎక్కడ నిలుపవలెనో, బంతిని ఎప్పుడెవనికీయవలెనో తెలియలేదనియు, బ్యాటు పట్టువారి వరుసను స్థిరముగ నుంచలేదనియు తేల్చెను.

ఇట్లేల జరుగును? దీనికి నాలుగు కారణములు నాకు తోచుచున్నవి.

మొదటిది దృష్టి. ఆడువాని కన్ను బంతిమీద నుండవలెను. ధనమిచ్చినవాడు దినదినము చేయి పెట్టుచుండగా ఆ కన్ను ఆయన ముఖముమీదికి పోవును. రెండవది ఆజ్ఞ. చెరువు తూము ఇద్దరి చేతులలో నున్నచో ఒకరు తెరతురు, ఒకరు మూయుదురు, మడి మాత్రమెండును. మూడవది సత్యము. తన చోటు యజమాని దయపై నిలిచినదని తెలిసినవాడు ఆయనకు నిజము చెప్పడు. నిజము వినని యజమాని తప్పు దిద్దుకొనలేడు. నాలుగవది యోగ్యత. మెప్పించుటచే చోటు దొరకునని తెలిసినప్పుడు అభ్యాసము చేయువాడు తగ్గి, స్తోత్రము చేయువాడు పెరుగును.

బలమైన జట్టు కొంతకాలము ఈ భారమును మోయగలదు. బలహీనమైనది మోయలేదు. ఓడినకొలది యజమానికి కంగారు హెచ్చును. కంగారు హెచ్చినకొలది చేయి చాపుట హెచ్చును. దానివలన మరల ఓటమి. రోగికి దినమునకొక వైద్యుని మార్చినట్లగును.

ఇది రాజుల కాలముతో పోయిన మాట కాదు. ఇంగ్లండునందు లీడ్స్ యునైటెడ్ అను ప్రాచీనమైన కాలిబంతి సంఘము రెండవ శ్రేణికి జారి యుండగా, 2014లో ఇటలీ దేశపు ధనికుడు మాసిమో చెల్లినో దానిని కొనెను. ఆ యేడే ఒక శిక్షకుని ఆరు ఆటలకు, తరువాత వచ్చినవానిని 32 దినములకు తొలగించెను. నాటిన నారు వేరు పట్టకమున్నే పెరికి మరల నాటినచో పంట ఏమగును? ఆ యేటి పోటీలలో 24 జట్లలో వారిది 15వ స్థానము.

మరి ధనమిచ్చినవాడు నోరు మూసికొని యుండవలెనా? అట్లని నేననను. దానికిని మన విజయనగరమే సమాధానము చెప్పుచున్నది. విజ్జీగారి తండ్రిగారే 1919లో సంగీత కళాశాలను స్థాపించిరి. ధనము ప్రభువులది, అధ్యక్షపీఠము ఆదిభట్ల నారాయణదాసుగారిది. శ్రుతి యెట్లు పట్టవలెనో దాసుగారికి చెప్పుటకు ప్రభువులు తంబుర పట్టుకొని కూర్చుండలేదు. దాసుగారి తరువాత ద్వారం వేంకటస్వామి నాయుడుగారు ఆ పీఠమునెక్కిరి. నేటికిని ఆ కళాశాల నిలిచియున్నది. తండ్రి కట్టిన యిల్లు పాటగాండ్రకు దక్కెను. కుమారుడు కట్టిన జట్టు ఆటగాండ్రకు దక్కలేదు.

కావున యజమాని చేయవలసిన పని కలదు. యోగ్యుడైన నాయకుని ఒక్కనిని వెదకి నిలుపవలెను. వానికి గడువీయవలెను. గడువు తీరిన పిదప లెక్క అడుగవలెను. నడుమ మాత్రము చేయి పెట్టరాదు.

విజ్జీగారియందును ఈ తెలివి తరువాత కలిగెనని చెప్పుటకు గుర్తు కలదు. ఆయన 1954లో క్రికెట్టు బోర్డునకు అధ్యక్షులైరి. ఉత్తరప్రదేశపు క్రికెట్టు ఆయన చేతిలో నుండగా, 1956-57లో అరువదియొక్క యేండ్ల సి.కె.నాయుడుగారినే పిలిపించి ఆ జట్టునకు నాయకుని చేసిరి. ఇరువదియేండ్ల క్రితము ఈయవలసిన గౌరవమది. ఆలస్యమైనను ఇచ్చిరి.

ఇతరుల తప్పు చెప్పితిని. నాది కూడ చెప్పవలెను. నేను ఉపాధ్యాయుడనై యున్న కాలమున మా పిల్లల చెడుగుడు జట్టునకు ఒక పెద్దమనిషి చొక్కాలు కుట్టించి యిచ్చిరి. పోటీనాడు తమ మేనల్లుని నాయకుని చేయుమనిరి. కూతకు దమ్ముగల కుర్రవాడొకడు, కూలివారి బిడ్డ, బయట కూర్చుండెను. ఓడిపోతిమి. ఓటమిని నేనెప్పుడో మరచితిని. బయట కూర్చున్న ఆ పిల్లవాడు నావైపు చూచిన చూపును మాత్రము మరువలేదు. అమర్‌నాథ్ కోపముతో కట్టులు విసరివైచెను. మావాడు చొక్కా విప్పి మడతపెట్టి నా చేతికిచ్చెను, మరల ఆటకు రాలేదు. ఆనాడు నేను పెదవి విప్పలేదు. చొక్కాల కృతజ్ఞత నా నోరు కట్టివేసెను.

పెద్దలారా, మీరును ఏదో యొక జట్టునకు యజమానులే. కుర్రవాండ్ర ఆటకో, భజనకో, తప్పెటగుళ్ళ దళమునకో మీరు సొమ్మిచ్చియుందురు. విజయనగరమున పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవము మీరందరు చూచినదే. మాను చివర పూజారి కూర్చుండును. పని తెలిసినవారు మానును నడుపుదురు. పూసపాటివారు కోట బురుజుపై కూర్చుండి చూతురు. మాను నేను నడిపెదనని వారిలో నెవరును దిగిరారు. ఉత్సవమునకు వారి గౌరవము తగ్గినదా? ధనమిచ్చువారికి తగిన చోటు ఆ బురుజే. రాబోవు పండుగకు మీ ఊరి పిల్లలు ఆడునప్పుడు మీరును ఆ బురుజుమీదనే కూర్చుండుడని నా విన్నపము.