మిషన్ ప్రమాదం జరిగితే తప్పు ఎవరిది? పరిహారం ఎవరివ్వాలి?

మంథని చుట్టుపక్కల రైస్ మిల్లుల్లో, జిన్నింగ్ మిల్లుల్లో పనిచేసే కార్మికుల కోసం ఈ సమాచారం. బెల్టులో చెయ్యి ఇరుక్కుంటే ముందుగా వినిపించే మాట "నువ్వే చూసుకోలే" అని. ఆ మాటకు వెనక్కి తగ్గి చాలామంది దరఖాస్తు కూడా పెట్టరు. చట్టం చెప్పేది వేరు.

తప్పు ఎవరిది?
2015లో హర్యానాలోని మానేసర్‌లో కారు విడిభాగాల ఫ్యాక్టరీలో రోబో వల్ల ఒక కార్మికుడు చనిపోయాడు. అమెరికాలో 1979లో ఫోర్డ్ ఫ్యాక్టరీలో ఇలాగే జరిగితే, రోబో తయారుచేసిన కంపెనీ ఆ కుటుంబానికి కోటి డాలర్లు కట్టాలని 1983లో జ్యూరీ తేల్చింది. రోబో అయినా, మిల్లు బెల్టు అయినా అడగాల్సినవి ఇవే: తిరిగే భాగాలకు జాలీ ఉందా? రిపేరప్పుడు కరెంటు బంద్ చేశారా? పని నేర్పించారా? ఇవన్నీ చూసుకోవాల్సింది యజమానే.

నా పొరపాటు ఉంటే?
అయినా పరిహారం వస్తుంది. 1923 నాటి చట్టంలోనూ, ఇప్పటి సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఇదే నియమం. తాగి పనిచేసినా, కావాలని జాలీ తీసేసినా పరిహారం రాకపోవచ్చు. కానీ మరణం, పూర్తి శాశ్వత వైకల్యం అయితే అప్పుడు కూడా ఇవ్వాల్సిందే. కాంట్రాక్టర్ కింద పనిచేసినా అసలు యజమానిని అడగవచ్చు.

ఎంత వస్తుంది?
మరణిస్తే నెల జీతంలో సగాన్ని వయసు అంకెతో గుణిస్తారు. ఉదాహరణకు జీతం 12,000, వయసు 40 అయితే: 6,000 × 184.17 = 11,05,020 రూపాయలు. పూర్తి వైకల్యానికి సగం బదులు 60 శాతం లెక్క. నెల దాటితే 12 శాతం వడ్డీ. ఈఎస్ఐ ఉన్నవాళ్లకు ఈ పరిహారం బదులు ఈఎస్ఐ నుంచే వస్తుంది. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయల సురక్షా బీమా కట్టి ఉంటే, ప్రమాద మరణానికి మరో 2 లక్షలు.

ఏం చేయాలి?
1. ఆస్పత్రిలో "పనిలో జరిగిన ప్రమాదం" అని రాయించండి. చీటీలన్నీ దాచుకోండి.
2. మిషన్ ఫొటో తీయండి. చూసినవాళ్ల పేర్లు రాసుకోండి.
3. యజమానికి రాతపూర్వకంగా తెలపండి. హాజరు, జీతం రుజువులు ఉంచుకోండి.
4. రెండేళ్లలోపు కార్మిక శాఖలో దరఖాస్తు పెట్టండి.

తెల్ల కాగితం మీద సంతకం పెట్టకండి. పెద్దమనుషుల్లో కూర్చుని "ఇంతే తీసుకో, కేసు వద్దు" అని రాయించుకున్నా చట్టం ముందు అది చెల్లదు. మరణం కేసులో పరిహారం సొమ్మును యజమాని కార్మిక శాఖ అధికారి దగ్గరే జమ చేయాలి.

వకీలుకు డబ్బులు లేవని ఆగకండి. ఫ్యాక్టరీ కార్మికులకు ఉచిత న్యాయ సహాయం హక్కు. 15100 నంబరుకు ఫోన్ చేయండి.