డేటాబేస్ సర్వరు: మెమరీ పంపకము

బ్యాంకులో నిలువ ఎంతయని అడిగినపుడు గుమాస్తా మీట నొక్కి, తెర వంక చూచుచు కూర్చుండుట మనమెరిగినదే. ఒక్కొక్కప్పుడు ఆ జాగునకు కారణము యంత్రము చిన్నదగుట కాదు. దాని మెమరీని పంచిన తీరు.

లెక్కలన్నియు డిస్కుపై నుండును. డిస్కునుండి చదువుట మెమరీనుండి చదువుటకంటె ఎన్నో రెట్లు ఆలస్యము. కావున తరచు కావలసిన పుటలను సర్వరు మెమరీలోనే ఉంచుకొనును. అటకమీది డబ్బాలను మాటిమాటికి దింపక, పప్పు ఉప్పులను పొయ్యి చెంతనే ఉంచుకొను ఇల్లాలి పద్ధతియే యిది.

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అను సర్వరును ఉదాహరణముగా గైకొందము. 1986లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున మైకేల్ స్టోన్‌బ్రేకర్ నాయకత్వమున ఆరంభమైన పరిశోధనయే దీనికి మూలము. ఇందు ‘షేర్డ్ బఫర్స్’ అందరికిని ఉమ్మడి చోటు. మొదట అది సాధారణముగా 128 మెగాబైట్లు. డేటాబేసు పనికే విడిచిన యంత్రమున మొత్తము మెమరీలో నాలుగవ వంతుతో ఆరంభింపుడనియు, 40 శాతము మించిన లాభము అరుదనియు నిర్మాతలే చెప్పుచున్నారు. తక్కినది వృథా కాదు. ఆపరేటింగ్ సిస్టమ్ సైతము అందు ఫైళ్లను దాచుకొనును.

అసలు చిక్కు ‘వర్క్ మెమ్’ అను అమరికలో నున్నది. వరుసలు పేర్చుటకును, పట్టికలు జోడించుటకును వాడు చోటిది. మొదట 4 మెగాబైట్లు. చాలనిచో పని ఆగదు. తాత్కాలిక ఫైలును డిస్కుపై వ్రాసికొని నెమ్మదిగా ముగించును. అది చూచి కొందరు ఏకముగా 256కు పెంచుదురు. ఒక్కరే కూర్చుండి పరీక్షించినపుడు ఫలితము దివ్యముగానే యుండును! కాని ఆ 256 యంత్రమంతటికిని కాదు, మనిషికొక్కటియు కాదు, ఒక్కొక్క పేర్పునకు. ఒకే ప్రశ్నలో అట్టివి రెండు మూడుండవచ్చును. నూరుగురు ఒక్కమారు రెండేసి పేర్పులు కోరి, ప్రతిదియు నిండా వాడుకొన్నచో 50 గిగాబైట్లు కావలెను. యంత్రమున నున్నవి 16 అనుకొందము. లినక్స్ అప్పుడు మెమరీ చాలక ఏదో యొక ప్రక్రియను అంతము చేయును. అది సర్వరుకు చెందినదైనచో, పోస్ట్‌గ్రెస్ తక్కినవారి సంబంధములను కూడ తెంచి మరల లేచును. ఒకటవ తేదీన పింఛనుకై వరుసలో నిలిచిన వృద్ధులకు ఈ గణితము తెలియదు; వారు మరల నిలువవలసినదే.

కావున అందరికిని కలిపి పెంచుట తగదు. ‘లాగ్ టెంప్ ఫైల్స్’ అను అమరికను తెరచినచో ఏ ప్రశ్న డిస్కుపై ఎంత వ్రాసెనో చిట్టాలో కనబడును. తరచుగా అది రాత్రివేళ నడచు నెలవారీ నివేదిక వంటి దొకటి రెండే యుండును. ఆ పని ఆరంభమున, దాని మట్టుకే, 256 ఇచ్చుట సాధ్యము. పని ముగిసి సంబంధము మూసినంతనే ఆ కేటాయింపు పోవును. పగటివారికి 4 మెగాబైట్లు అట్లే యుండును.