పెద్దలు చదువదగిన చిన్న పుస్తకాలు



మన ఇండ్లలో పుస్తకాలకు వయస్సు హద్దు పెట్టుకున్నాము. బొమ్మల పుస్తకం పిల్లలది, జమాఖర్చుల పుస్తకం తండ్రిది. పెద్దమనిషి ఎవరైనా పాత ‘చందమామ’ చదువుతూ నవ్వితే, ‘ఈ వయస్సులో ఇదేమిటి?’ అని ఇంట్లోవారే అంటారు. ఈ మాట సరియైనదేనా?

నాగిరెడ్డి, చక్రపాణి గారలు 1947 జూలైలో ప్రారంభించిన ‘చందమామ’ పిల్లల పత్రికే. అయినా భేతాళ కథ కొరకు పెద్దలు కూడ ఎదురుచూచేవారు. పత్రిక నిలిచిపోయిన తరువాత పాత సంచికలను భద్రంగా దాచుకొన్నదీ పెద్దలే. ముళ్ళపూడి వెంకటరమణ గారు వ్రాయగా బాపు గారు బొమ్మలు వేసిన ‘బుడుగు’లో మాట్లాడేది అల్లరి పిల్లవాడు, కనబడేది మాత్రం మన పెద్దల తీరు. చదివితే నవ్వు వస్తుంది, వెనుకనే కొంచెం సిగ్గు కూడ వస్తుంది.

‘మాటలాడే జంతువుల కథలు విశ్వాసికెందుకు?’ అని కొందరడుగుతారు. పరిశుద్ధ గ్రంథాన్ని తెరచి చూడండి. న్యాయాధిపతులు 9వ అధ్యాయంలో చెట్లు తమకొక రాజును వెదకుతూ బయలుదేరినవి. ఒలీవ, అంజూరము, ద్రాక్ష మాకొద్దన్నవి. చివరకు ముండ్లపొద తన నీడలో ఆశ్రయించమన్నది! ముండ్లపొదకు నీడెక్కడిది? అయితే ఈ కథ చెప్పిన యోతాము, సహోదరుల హత్య నుండి తప్పించుకొని, కొండపై నిలిచి చెప్పెను. నవ్వు వెనుక ఎంత దుఃఖమున్నదో చూడండి. సంఖ్యాకాండము 22లో దేవదూతను ముందుగా చూచినది బిలాము కాదు, అతని గాడిద. సూదిబెజ్జంలో ఒంటెను, కంటిలో దూలాన్ని మన కన్నుల ముందుంచినవాడు మన ప్రభువే.

ఆక్స్‌ఫర్డ్‌లో బోధకుడైన సి. ఎస్. లూయిస్ నాస్తికత్వం విడిచి క్రీస్తును నమ్మినవాడు. ఆయన 1950–1956 మధ్య ఏడు ‘నార్నియా’ కథలు ప్రచురించెను. పిల్లలకు మాత్రమే నచ్చే పిల్లల కథ మంచి కథ కాదని ఆయన అభిప్రాయం.

మా మధిర ప్రాంతంలో మిరప, పత్తి ధరల చింత అనేక కుటుంబాలకు తెలిసినదే. సాయంకాలం ఇల్లు చేరిన తండ్రి నోట అప్పుల మాట, మార్కుల మాట తప్ప మరేమీ రాకపోతే పిల్లలు మెల్లగా దూరమవుతారు. ధర పడిపోతే మరుసటి పంటకు లేవవచ్చును. పిల్లల మనస్సు మూసుకొనిపోతే తెరచుట కష్టం. ఇంగ్లీషు మీడియం చదువులలో తెలుగు తడబడుతున్న బిడ్డకు, తండ్రి ప్రక్కన కూర్చుని చదివే నవ్వుల కథ కంటె మంచి పాఠమేది?

అన్ని పుస్తకాలూ మంచివని మేము చెప్పడం లేదు. బీదలను, వికలాంగులను ఎగతాళి చేసి నవ్వించేవాటిని ప్రక్కన పెట్టండి. ప్రతి కథకూ చివర నీతిబోధ చేయనక్కరలేదు, నవ్వితే చాలును.

శారమ్మ వృద్ధాప్యంలో కన్న బిడ్డ పేరు ఇస్సాకు. దాని అర్థము నవ్వు. కుటుంబ ప్రార్థన ముగిసిన తరువాత పావుగంట ఒక పిల్లల పుస్తకం తెరవండి. ఆ నవ్వును ప్రభువు మీ గృహంలోనూ నిలుపును గాక!