ఇండియా దారిలో రెండు రోజులు లండన్

వేసవి సెలవులు దగ్గర పడుతున్నాయంటే మన ఇళ్ళలో మొదలయ్యేవి రెండే పనులు: సూట్‌కేసులు తూచడం, టిక్కెట్ల ధరలు చూడడం. చాలామందిమి లండన్ మీదుగానే హైదరాబాదు వెళతాం. నాలుగు గంటలు ఎయిర్‌పోర్టు కుర్చీల్లో కునికిపాట్లు పడి మళ్ళీ విమానం ఎక్కుతాం. మా కుటుంబం కూడా ఏళ్ళ తరబడి అదే చేసింది. ఒకసారి మాత్రం రెండు రోజులు ఆగి చూశాం. ఆ అనుభవంతో, మన బడి పిల్లలకూ తల్లిదండ్రులకూ పనికొస్తుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందుగా కాగితాల సంగతి. మన ఇళ్ళలో ఒకే కుటుంబంలో రెండు రకాల పాస్‌పోర్టులు ఉండడం మామూలే. అమెరికా పాస్‌పోర్టు ఉన్నవారు 2025 జనవరి నుండి ఈటీఏ అనే అనుమతి ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవాలి. చంటిబిడ్డకైనా విడిగా తీసుకోవలసిందే. భారత పాస్‌పోర్టు ఉన్నవారికి విజిటర్ వీసా కావాలి. గ్రీన్ కార్డు ఉంటే విమానం మారడానికి కొన్ని షరతులతో మినహాయింపు ఉంది కాని, అది ఊరు చూడడానికి ఇచ్చింది కాదు. నియమాలు మారుతూ ఉంటాయి. టిక్కెట్టు కొనే ముందే బ్రిటిష్ ప్రభుత్వ వెబ్‌సైటులో చూసుకోండి.

అమెరికా నుండి వెళ్ళే విమానాలు ఎక్కువగా తెల్లవారేసరికి దిగుతాయి. హోటల్లో గది మధ్యాహ్నం దాకా ఇవ్వకపోయినా సామాను అక్కడ పెట్టుకోనిస్తారు. కారు అద్దెకు తీసుకోకండి. మెట్రో రైలు చాలు. పెద్దవాళ్ళతో కలిసి వెళితే 11 ఏళ్ళ లోపు పిల్లలకు టిక్కెట్టు లేదు.

మొదటి రోజు బ్రిటిష్ మ్యూజియం. ప్రవేశం ఉచితం. హీత్రో నుండి పికడిల్లీ లైను ఎక్కితే రైలు మారకుండా హోబర్న్‌లో దిగవచ్చు. అక్కడి నుండి నడకే. చక్రాల పెట్టెలు లోపలికి రానివ్వరు. ఈజిప్టు మమ్మీలు పిల్లలు ఎలాగూ చూస్తారు. మీరు మాత్రం 33ఎ గదికి తప్పకుండా తీసుకువెళ్ళండి. ఆ గది తెరిచి ఉండే వేళలు ముందే కనుక్కోండి. కృష్ణ ఒడ్డున శాతవాహనుల కాలంలో వెలుగు వెలిగిన అమరావతి స్తూపపు శిల్పాలు నూటికి పైగా మ్యూజియంలో ఉన్నాయి.

అక్కడ మా పదేళ్ళ వాడు పేరు చదివి, "ఇది తాతయ్య వాళ్ళ ఊరి దగ్గర అమరావతేనా? మరి ఇక్కడికెందుకు తెచ్చారు? దొంగిలించారా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఇంటికి వచ్చాక చదివి తెలుసుకున్నాను. 18వ శతాబ్దం చివర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ కొత్త పట్టణం కట్టించేటప్పుడు ఆ దిబ్బలోని రాళ్ళు ఇళ్ళకూ గుళ్ళకూ వాడేశారు. సున్నం కోసం కొన్నిటిని కాల్చేశారు. కాలిన్ మెకంజీ 1816లో మళ్ళీ వచ్చి, మిగిలిన వాటికి బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు పంపాడు. వాటిలో చాలా రాళ్ళు 1859లో ఓడెక్కి లండన్ చేరాయి. 1880లో మ్యూజియంకి వచ్చాయి. విలువ తెలియక పాడుచేసింది మనవాళ్ళు. దాచింది, మనల్ని అడక్కుండా తీసుకుపోయింది కూడా తెల్లవాళ్ళు. పిల్లలకు రెండూ చెప్పాలి. ఒకటే చెబితే సగం అబద్ధం అవుతుంది.

రెండో రోజు ఉదయం టవర్ ఆఫ్ లండన్. దీనికి టిక్కెట్టు ఉంది. ముందే కొనుక్కుంటే మంచిది. టవర్ హిల్ స్టేషన్లో దిగాలి. రాజుగారి నగల్లో మన కోహినూరు ఉంది. అది కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందని ఎక్కువమంది నమ్మకం. 1849లో పంజాబు ఓడిపోయాక పదేళ్ళ మహారాజా దులీప్ సింగ్ చేత సంతకం పెట్టించుకుని తీసుకున్నారు. "పదేళ్ళ పిల్లాడి సంతకం చెల్లుతుందా?" అని మీ పిల్లల్ని అడిగి చూడండి. మా ఇంట్లో ఆ చర్చ హైదరాబాదు దాకా సాగింది.

మధ్యాహ్నం బేకర్‌లూ లైనులో కెన్సల్ గ్రీన్ వెళ్ళండి. టూరిస్టు పుస్తకాల్లో ఇది కనబడదు. ఇక్కడి శ్మశానంలోనే మన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ సమాధి ఉంది. 72 ఎకరాల చోటు కాబట్టి సమాధి ఎక్కడుందో ఆఫీసుకు ముందే రాసి కనుక్కోండి. తెలుగు నేర్చుకున్న ఆయన 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చాడు. 1829లో వేమన పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించాడు. సొంత డబ్బుతో పండితులను పెట్టి తాళపత్రాలు సేకరించి, శుద్ధప్రతులు రాయించాడు. 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు తెచ్చాడు. తర్వాత లండన్‌లో తెలుగు ప్రొఫెసరుగా ఉండి 1884లో కన్నుమూశాడు.

ఇంకో పూట మిగిలితే రైల్లో సుమారు గంట దూరంలో డోర్కింగ్ ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ దొర సమాధి అక్కడే. గోదావరి జిల్లాల వారు ఇది వదులుకోకూడదు.

పిల్లలూ! ఆదివారం పొద్దున్నే తెలుగు బడికి లేవాలంటే మీకు విసుగని మాకు తెలుసు. మీ ఇంట్లో అమ్మమ్మ మాట్లాడే భాష బ్రౌన్ ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. అ ఆ లతో మొదలుపెట్టి మనకే నిఘంటువు రాసిపెట్టాడు. ఆ సమాధి దగ్గర మా వాడు, "తెలుగులో ఏదైనా చెప్పనా?" అని తనంతట తానే ఒక వేమన పద్యం చదివాడు. రెండు చోట్ల తప్పాడు. అయినా నేను దిద్దలేదు.

ఈసారి మీరూ ఒక పద్యం నేర్చుకుని వెళ్ళండి. శుభ ప్రయాణం!